మా గోడ మీది బొమ్మని వేలానికి పెట్టాను

ఆ బొమ్మని మేము 45 డాలర్లకు కొన్నాం. 2018 అక్టోబరులో, న్యూజెర్సీలోనే, మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో జరిగిన ఒక ఎస్టేట్ సేల్‌లో. ఎస్టేట్ సేల్ అంటే తెలియనివాళ్లకి చెప్తాను. ఇంటి పెద్దవాళ్లు పోయాకో, వృద్ధాశ్రమానికి మారాకో, ఆ ఇంట్లో చెంచా దగ్గర్నుంచి మంచం దాకా అన్నింటికీ ధర చీటీలు అంటించి తలుపులు తెరుస్తారు. ముక్కూమొహం తెలియని జనం లోపలికొచ్చి ఎవరివో పెళ్లినాటి పింగాణీ పళ్లాలు తిరగేసి చూస్తుంటారు. నాకు అలాంటి చోట మనసు ఏదోలా అవుతుంది. మా ఆవిడకి మాత్రం అదో సరదా. ఆ రోజు మేం వెళ్లింది డైనింగ్ టేబుల్ కుర్చీల కోసం.

కుర్చీలు అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. బేస్‌మెంట్‌లోకి దిగే మెట్ల పక్క గోడకి, కరెంటు బ్రేకర్ల డబ్బా పక్కన, ఒక చిన్న పటం వేలాడుతోంది. అప్పటికి పన్నెండేళ్లున్న మా అమ్మాయి దాని ముందు ఆగిపోయి, "నాన్నా, ఈవిడ డాన్స్ చేస్తోంది" అంది. తను కూచిపూడి నేర్చుకుంటోంది లెండి, ఎక్కడ చేయి పైకి లేచినా డాన్సే అనుకునే వయసు. చీటీ మీద 90 అని ఉంది. ఆదివారం మధ్యాహ్నం కాబట్టి అన్నీ సగం ధర.

బొమ్మ పెద్దదేం కాదు. పటం కాకుండా కాగితం ఒక్కటే చూస్తే పదమూడు అంగుళాల ఎత్తు, ఎనిమిది అంగుళాల వెడల్పు. నీలం రంగు వదులు గౌనులో ఒక ఆడమనిషి, తల వెనక్కి వాల్చి, రెండు చేతులూ పైకి ఎత్తి, ఒక కాలు ముందుకు వేసి ఉంది. కాళ్లకి చెప్పుల్లేవు. మొహానికి కళ్లు, ముక్కు, నోరు ఏవీ లేవు, ఒక లేత మరక అంతే. భుజం దగ్గర మొదలైన గీత మోచేయి దగ్గర ఆగకుండా, గీసే చేయి ఎత్తకుండా, వేలికొసల దాకా ఒకే లాగుడు. రంగు ఆ గీతకి కట్టుబడి లేదు. గీత ఒక దారిన పోతుంటే నీలం ఇంకో దారిన పోయి, గౌను అంచు దగ్గర మడుగు కట్టి, ఆరిపోయాక ముదురు అంచు మిగిలింది. ఎడమ మడమ కింద ఒక నీలం చుక్క పడింది. ఎవరో, బహుశా వేసినాయనే, వేలితో ఒత్తి తుడవబోయి వదిలేసినట్టుంది. మా అమ్మాయి దానికి వెంటనే పేరు పెట్టేసింది: "గజ్జె రాలిపోయింది."

కింద కుడిమూల సంతకం. నేను కారులో కూర్చుని దాన్ని నాలుగు రకాలుగా చదివాను. ఇంటికెళ్లి వెతికితే తేలింది, అబ్రహాం వాల్కోవిట్జ్.

ఆయన 1878లో సైబీరియాలోని ట్యుమెన్‌లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి వెంట అమెరికా వచ్చి న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో, అప్పట్లో యూదు వలస కుటుంబాలు కిక్కిరిసి ఉండే వీధుల్లో పెరిగాడు. 1906లో పారిస్ వెళ్లాడు. అక్కడ శిల్పి రోడాన్ స్టూడియోలో ఇసడోరా డంకన్‌ని చూశాడు. బూట్లు విప్పేసి, బ్యాలే బిగింపులన్నీ పక్కన పెట్టేసి, ఉత్త పాదాలతో నాట్యం చేసిన అమెరికన్ ఆవిడ. ఈయనకి ఆవిడ పట్టుకుంది. తిరిగొచ్చాక ఫోటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ ఫిఫ్త్ అవెన్యూలో నడిపిన 291 అనే చిన్న గ్యాలరీ గుంపులో చేరాడు. అమెరికాలో మోడరన్ ఆర్ట్ అన్న మాట జనం నోట పడటానికి ముందే ఆ గ్యాలరీ మటీస్‌ని, పికాసోని గోడకెక్కించింది. 1913లో న్యూయార్క్‌లో జరిగిన పెద్ద ఆధునిక చిత్రకళా ప్రదర్శన ఆర్మరీ షోలో వాల్కోవిట్జ్ బొమ్మలు కూడా ఉన్నాయి. ఇసడోరా 1927లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో, మెడకు చుట్టుకున్న స్కార్ఫ్ కారు చక్రంలో ఇరుక్కుని చనిపోయింది. ఈయన మాత్రం ఆవిడని గీస్తూనే ఉన్నాడు, 1965లో తాను పోయేనాటికి ముందు చూపు మందగించేదాకా.

ఇంతవరకూ చదివి మా ఆవిడని పిలిచి గొప్పగా చూపించాను. కొంచెం కిందకి చదివి ఉంటే ఇంకో ముక్క తెలిసేది. ఆయన వేసిన ఇసడోరాలు ఐదు వేల పైచిలుకు. అది నాకు ఆరేళ్ల తర్వాత అవసరం పడ్డప్పుడు తెలిసింది.

ఆ ఆరేళ్లూ బొమ్మ హాల్లో, కిటికీకి పక్కగా ఉంది. వచ్చినవాళ్లలో సగం మంది "మొహం పూర్తి చెయ్యలేదేంటి?" అనేవారు.

అమ్మాలని ఎందుకనిపించింది అంటే, సాకులు చాలా చెప్పగలను. ఎండ తగిలి రంగు వెలిసిపోతోందన్నది ఒకటి. అది నిజమే, నీటిరంగులకి వెలుతురు పడదు. కానీ కర్టెన్ వేస్తే సరిపోయేదానికి వేలం అక్కర్లేదు. అసలు సంగతి ఆశ. 2024 మొదట్లో ఒక రాత్రి నిద్రపట్టక పాత వేలం ధరల్లో ఆయన పేరు కొట్టి చూశాను. కొన్ని వందల్లో పోయాయి, కొన్ని వేలల్లో పోయాయి. నా కళ్లకి వేలల్లో పోయినవే కనిపించాయి. వాటిలో సగం నా బొమ్మకి రెండింతలు పెద్దవి, కొన్ని అసలు ఇసడోరాలే కావు, న్యూయార్క్ ఆకాశహర్మ్యాలని ముక్కలు ముక్కలుగా వేసిన పాత బొమ్మలు, ఆయన పనిలో కొనేవాళ్లు ఎక్కువ వెతికే రకం. ఆ తేడాలు చూసే ఓపిక ఆ రాత్రి నాకు లేదు.

మూడు ఆక్షన్ హౌస్‌లకి ఫోటోలు పంపాను. ముందువైపు, వెనకవైపు, సంతకం దగ్గరగా, నాలుగు మూలలు, కొలతలు, ఎక్కడ ఎప్పుడు కొన్నామో. మామూలుగా దీనికి డబ్బులు తీసుకోరు, ఆ మాట ముందే చెప్పాలి. ఒకరి దగ్గర్నుంచి జవాబే లేదు. రెండోవాళ్లు మన్‌హట్టన్‌లో పెద్ద పేరున్నవాళ్లు, ఫలానా విలువకి తక్కువైతే తీసుకోమని మర్యాదగా రాశారు. మూడోవాళ్లు ఊరి బయట గోడౌన్ లాంటి భవనంలో నడుపుకునే మధ్యరకం సంస్థ. తీసుకురమ్మన్నారు. 600 నుంచి 900 డాలర్ల అంచనా అన్నారు.

మార్చి నెలలో ఒక శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టి తీసుకెళ్లాను. ఈ ప్రయాణం మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ అరగంటే. యాభై ఏళ్లు దాటిన ఒకావిడ, అక్కడి కాగితపు బొమ్మల నిపుణురాలు, పటాన్ని బోర్లా తిప్పి టేబుల్ మీద పెట్టింది. ముందుగా, వెనకనున్న గోధుమరంగు కాగితం మీది చీటీని చూసింది. పటం కట్టిన దుకాణం చీటీ అది, ఫోన్ నంబరు రెండు అక్షరాలతో మొదలైంది. "అరవైలు దాటలేదు ఇది కట్టి" అంది. అమెరికాలో ఫోన్ నంబర్లు పూర్తిగా అంకెల్లోకి మారింది ఆ రోజుల్లోనేనట. నేను ఆరేళ్లు ఆ చీటీని దుమ్ము తుడిచాను తప్ప చదవలేదు.

తర్వాత చిన్న పటకారుతో మేకులు ఒక్కొక్కటీ పీకింది. లోపల అట్టపెట్టెల తాలూకు ముడతల అట్ట. అది చూడగానే ఆవిడ మొహం మారింది. అట్ట తీసి, బొమ్మ చుట్టూ ఉన్న కిటికీ లాంటి మాట్ లేపింది. కాగితం మీద మాట్ లోపలి అంచు ఎక్కడ ఆనిందో సరిగ్గా అక్కడ, నాలుగు వైపులా, టీ చారలాంటి గోధుమరంగు గీత. చవక అట్టలో ఉన్న ఆమ్లం ఏళ్ల తరబడి కాగితాన్ని కాల్చేసిందన్నమాట. దాన్ని మాట్ బర్న్ అంటారు. మాట్ కింద దాక్కున్న భాగంలో కాగితం ఇంకా మీగడ రంగులోనే ఉంది. బయటున్న భాగం అంతా పండిపోయింది. అంతకన్నా బాధ, మాట్ కింద దాక్కున్న గౌను అంచు. అక్కడ నీలం నిజంగా నీలంగా ఉంది. మేము ఆరేళ్లు చూసింది వెలిసిన నీలాన్ని.

"మా ఇంట్లోనే ఇలా అయిందా?" అని అడిగాను.

"మీ కంటే ముందే చాలావరకు. కిటికీ కొంచెం సాయం చేసి ఉంటుంది" అంది.

సంతకం మీద భూతద్దం పెట్టి చూసింది, కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూసింది. ఆయనదే అంది. కేటలాగులో పేరు ఎలా పడుతుందన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. పేరు పూర్తిగా, పక్కన ఏమీ లేకుండా పడితే ఆయనే వేశాడని సంస్థ నమ్ముతున్నట్టు. "అట్రిబ్యూటెడ్ టు" అని ఉంటే ఆయనదే కావచ్చు అని. "మానర్ ఆఫ్" అని ఉంటే ఆయన తరహాలో ఇంకెవరో వేశారని. ఒక్క మాట తేడాతో ధరలో సున్నా ఎగిరిపోతుంది. మాది మొదటి రకం. అంతవరకూ అదృష్టం.

ఇక కాంట్రాక్టు. నాలుగు పేజీలు. పాట ఆగిన ధరని హామర్ ప్రైస్ అంటారు, దాని మీద అమ్మేవాడి దగ్గర 20 శాతం కమిషన్. ఫోటోకి 35 డాలర్లు. ఇన్సూరెన్స్ ఒకటిన్నర శాతం. అమ్ముడుపోకపోతే రిజర్వ్ ధర (అదేమిటో కింద చెప్తాను) మీద 5 శాతం. కొనేవాడు హామర్ మీద ఇంకో 26 శాతం విడిగా కడతాడు, అది బయ్యర్స్ ప్రీమియం, మనకి రాదు. అంటే రెండు చేతులా సంస్థకే. దాన్ని నేను తప్పు పట్టను, ఆ గోడౌన్ అద్దె, ఆ ఆవిడ జీతం ఎక్కడో అక్కడ నుంచి రావాలి. కానీ పేపర్లలో ఫలానా బొమ్మ ఇంతకి పోయిందని రాసే అంకె తరచుగా ప్రీమియం కలిపిన అంకె. అమ్మినవాడి చేతికి వచ్చింది దానికి చాలా దూరం. నేను ఆ రాత్రి చూసి మురిసిన అంకెలు అవే.

రిజర్వ్ దగ్గర నేను బుద్ధి తక్కువ పని చేశాను. రిజర్వ్ అంటే అంతకు తగ్గితే అమ్మొద్దని మనం రహస్యంగా చెప్పే ధర. అది కింది అంచనాని మించకూడదని వాళ్ల నియమం. ఆవిడ 400 పెట్టమంది. "తక్కువ మొదలుపెడితే జనం చేయి ఎత్తుతారు, ఎత్తాక దించలేరు" అంది. నాకు 400 అంటే అవమానంలా తోచింది. వెయ్యి కావాలన్నాను. వెయ్యి పెట్టాలంటే అంచనా కూడా 1,000 నుంచి 1,500కి పెంచాలి. ఆవిడ రెండుసార్లు వారించి, మూడోసారి భుజాలెగరేసి రాసేసింది. రాసేటప్పుడు ఐదు వేల సంగతి చెప్పింది. "ఆయన ఇసడోరాలు దొరకనివి కావు. కావాలనుకున్నవాడు దీన్ని వదిలేస్తే వచ్చే నెల ఇంకోటి చూస్తాడు." విన్నాను. సంతకం పెట్టాను. వెయ్యికే.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, "ఏమండీ, మనం కొన్నది 45కి కదా, 400 ఇస్తామంటే అవమానమేంటి?" అంది. అమ్మాయి అప్పటికి హైస్కూలు చివరి ఏడాది. అసలు నాతో మాట్లాడలేదు. గోడ మీద పటం ఆకారంలో తెల్లటి చదరం మిగిలింది, అక్కడొక క్యాలెండర్ తగిలించాం.

వేలం జూన్‌లో. మధ్యలో మూడు నెలలు ఖాళీ. ఆ ఖాళీలో ఇలాంటి వలస చిత్రకారుల గురించి చదువుతూ యాసుయో కునియోషి దగ్గర ఆగిపోయాను. జపాన్‌లోని ఒకాయామా నుంచి 1906లో, ఇంకా మీసాలు సరిగా రాని వయసులో, అమెరికా వచ్చాడు. న్యూయార్క్‌లో చదువుకుని పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1919లో ఒక అమెరికన్ చిత్రకారిణిని పెళ్లి చేసుకుంటే, అప్పటి చట్టం ప్రకారం ఆవిడ పౌరసత్వం పోయింది. 1941లో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేశాక ఈయన్ని శత్రుదేశీయుడిగా ముద్ర వేశారు. ఆసియావాళ్లు కాబట్టి పౌరసత్వం ఇవ్వకూడదన్న అడ్డంకి 1952 చట్టంతో తొలగింది, ఆయన 1953లో పోయాడు. అమెరికా పౌరుడు కాకుండానే. గ్రీన్ కార్డు కోసం పదకొండేళ్లు ఎదురుచూసిన నేను ఆ వాక్యం దగ్గర కంప్యూటర్ మూసేసి బయట నడిచొచ్చాను.

ఆయన 1925లో వేసిన బొమ్మ ఒకటుంది, 'సర్కస్ గర్ల్ రెస్టింగ్'. నల్ల మేజోళ్లు వేసుకుని కూర్చున్న బొద్దు మనిషి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక అమెరికా విదేశాంగ శాఖ తమ దేశంలోనూ ఆధునిక చిత్రకళ ఉందని చూపించడానికి కొన్న బొమ్మల్లో అదీ ఉంది. ప్రదర్శన ప్రేగ్ దాకా, హవానా దాకా వెళ్లింది. 1947లో పత్రికలు పన్నుల డబ్బు ఈ బొమ్మలకా అని గోల పెట్టాయి. అధ్యక్షుడు ట్రూమన్ ఈ బొమ్మనే ఎత్తిచూపి వెక్కిరించాడు. ప్రదర్శన వెనక్కి వచ్చేసింది. 1948లో ఆ బొమ్మలన్నింటినీ యుద్ధంలో మిగిలిపోయిన సరుకుల కింద లెక్కకట్టి, జీపులూ డేరాలూ అమ్మే శాఖ చేత వేలానికి పెట్టించారు. విద్యాసంస్థలకు 95 శాతం తగ్గింపు. అలబామాలోని కాలేజీ ఒకటి, ఇప్పటి ఆబర్న్ యూనివర్సిటీ, 36 బొమ్మల్ని మొత్తం 1,072 డాలర్లకు తీసుకుంది. సర్కస్ అమ్మాయి ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇది చదివాక కూడా నా వెయ్యి డాలర్ల రిజర్వ్ తగ్గించమని ఫోన్ చేయలేదు. వేలం మొదలయ్యేదాకా మార్చుకోవచ్చు. నేను మార్చుకోలేదు.

మేలో కేటలాగు వచ్చింది. మా బొమ్మకి లాట్ నంబరు (వేలంలో దాని వరస సంఖ్య), బాగా తీసిన ఫోటో, మాట్ బర్న్ గురించి నిజాయతీగా రాసిన రెండు వాక్యాలు. శీర్షిక మాత్రం 'స్త్రీ మూర్తి'. ఇసడోరా పేరు ఎక్కడా లేదు. కాగితం మీద ఆవిడ పేరు రాసి లేదు కాబట్టి రాయలేమన్నారు. అది కొంతవరకు సబబే. కానీ నాకు అప్పటికి ఒక సంగతి తెలియదు. ఇప్పుడు కొనేవాళ్లు కేటలాగు మొదటి పేజీ నుంచి తిరగేయరు. తమకు కావలసిన మాటలు ముందే నమోదు చేసి పెట్టుకుంటే, ఆ మాట ఎక్కడ పడినా ఫోన్‌కి కబురొస్తుంది. ఇసడోరా డంకన్ కోసం కాచుకున్నవాడికి 'స్త్రీ మూర్తి' మోగదు. కనీసం "ఇసడోరా కావచ్చు" అన్నా రాయమని పట్టుబట్టాల్సింది నేనే. ధర మీద పట్టుబట్టినవాణ్ణి మాట మీద పట్టుబట్టలేదు.

వేలం రోజు ఇంట్లో ముగ్గురం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అలిగిన అమ్మాయి కూడా వచ్చి సోఫా వెనక నిలబడింది. నాకు తెలిసిన వేలమల్లా మా ఊళ్లో చెరువు పాట. పంచాయతీ అరుగు మీద నిలబడి ఒకటోసారి, రెండోసారి అని సాగదీసేవాళ్లు, ఎవడు ఎవడితో ముందే మాట్లాడుకున్నాడో ఊరందరికీ తెలుసు. ఇక్కడ లాట్‌కి నిమిషం కూడా లేదు. మాకు ముందు ఒక ఓడరేవు బొమ్మ, ఒక పండ్ల బుట్ట చకచకా పోయాయి. తర్వాత మా ఆవిడ.

మా ఆవిడ అంటే బొమ్మలో ఆవిడ.

500తో మొదలైంది. 550. 600. 650. నా గుండె గొంతులో ఉంది. ఇద్దరెవరో పంతానికి పోతున్నారు, ఇంకా ఏడు అడుగులు పడితే వెయ్యి. పాటగాడు కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, "పాస్" అని, అంటే అమ్ముడుపోలేదని, సుత్తి తట్టాడు. తెర మీద తర్వాతి లాట్, ఒక రాగి లాంతరు.

అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది. మా ఆవిడ, "650 దాకా వచ్చింది కదండీ, ఇద్దరున్నారు కదా" అని ఓదార్చింది. సోమవారం ఫోన్ చేసి అదే అన్నాను. ఇద్దరున్నారు కదా, ఎవరు వాళ్లు అని. అవతలి కుర్రాడు ఇబ్బందిపడుతూ చెప్పాడు. నిజంగా పాడింది ఒక్కరే. ముందుగానే 600 దాకా రాసి పంపినవాళ్లు. 550, 650 పాడింది పాటగాడే, అమ్మేవాడి తరఫున. రిజర్వ్ చేరేదాకా అలా పాడే హక్కు వాళ్లకుంది, కాంట్రాక్టు మూడో పేజీలో ఉంది, నా సంతకం దాని కిందే ఉంది. అంటే ఆ సాయంత్రం ఆ ఒక్క కొనుగోలుదారుతో పంతానికి పోయి గెలిచిన రెండోవాణ్ణి నేనే.

ఆ కొనుగోలుదారే 600కి ఇస్తారా అని మళ్లీ అడిగించాడు. ఇవ్వనన్నాను. ఇంకా వేడి దిగలేదు.

దిగడానికి నెల పట్టింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అమ్ముడుపోని బొమ్మకి మచ్చ పడుతుంది. "పాస్డ్" అన్న ముద్రతో దాని ఫోటో, తేదీ, అంచనా అన్నీ ధరల పట్టికల్లోకి ఎక్కిపోతాయి, తర్వాత ఎవరు వెతికినా కనిపిస్తాయి. పెళ్లిచూపులు తప్పిన సంబంధం లాగా ఊరంతా చెప్పుకుంటుంది. ఏడాదో రెండేళ్లో ఆగమన్నారు కొందరు. నేను అక్టోబరు వేలానికి ఒప్పుకున్నాను, అసలు రిజర్వే లేకుండా, అంచనా 400 నుంచి 600. ఒకే ఒక్క షరతు పెట్టాను, శీర్షికలో ఇసడోరా డంకన్ పేరు, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నా సరే. ఆ నిపుణురాలు ఆయన మిగతా బొమ్మలతో భంగిమ పోల్చి చూసి, చివరికి ప్రశ్నార్థకం కూడా లేకుండానే వేసింది.

ఈసారి నేను చూడలేదు. ఆఫీసు మీటింగులో ఉన్నాను. 700కి పోయింది. నిజంగా ఇద్దరు మనుషులట, నేను అడిగి మరీ తెలుసుకున్నాను.

లెక్క ఇదీ. 700లో కమిషన్ 140 పోయింది. ఫోటో 35. ఇన్సూరెన్స్ పదిన్నర. జూన్‌లో అమ్ముడుపోనందుకు 50. ముప్ఫై ఐదు రోజులకి వచ్చిన చెక్కు 464 డాలర్ల 50 సెంట్లు. కొన్నవాళ్లు ప్రీమియంతో కలిపి కట్టింది 882. లాభాన్ని ట్యాక్సుల్లో చూపించాను. కళాఖండాల మీద ఏడాది దాటిన లాభానికి పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు, షేర్లలాగా కాదు, అది కూడా అప్పుడే తెలిసింది. టోల్‌గేట్లు, పెట్రోలు, శుక్రవారం సెలవు నేను లెక్కేయలేదు, మా ఆవిడ వేసింది.

ఆ చెక్కు అమ్మాయికే ఇచ్చాం. అప్పటికి కాలేజీకి వెళ్లింది, వేరే రాష్ట్రం. దాంతో ఏం కొందో చెప్పలేదు.

మొన్న ఏప్రిల్‌లో ఒక రాత్రి తన దగ్గర్నుంచి మెసేజ్. ఒక డీలర్ అమ్మకానికి పెట్టిన బొమ్మ ఫోటో, కింద ధర 2,400 డాలర్లు. కొత్త పటం, సన్నటి బంగారు అంచు. వెడల్పాటి మీగడరంగు మాట్, దాని కిటికీ కాస్త బిగించి కోశారు, కాలిన గీత పూర్తిగా దాని కింద దాక్కుంది. కాగితం కూడా తేటపడినట్టుంది, ఎవరో పనితనం తెలిసినవాళ్ల చేతిలో పడి వచ్చి ఉంటుంది. ఇంత అందంగా మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

"మనదేనంటావా?" అని రాశాను.

"గజ్జె చూడు నాన్నా."

పెద్దది చేసి చూశాను. ఎడమ మడమ కింద, మాట్ అంచుకి వెంట్రుక వాసి పైన, నీలం చుక్క. వేలు ఒత్తిన గుర్తుతో సహా.

ఫోటో కింద ఆ బొమ్మ చేతులు మారిన చరిత్ర ఒక్క లైనులో ఉంది. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నా భుజం మీదుగా కూడబలుక్కుని చదివింది. "ప్రైవేట్ కలెక్షన్, న్యూజెర్సీ." ఒక నిమిషం ఆగి అడిగింది.

"అది మనమేనాండీ?"